‘గ్రాండ్‌ఫాదర్డ్ అండీ’ అని చెప్పి అమ్మే పాత టూ ఫ్యామిలీ ఇల్లు: ఆ మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి (న్యూజెర్సీ)

న్యూజెర్సీలో ఇల్లు వెతుక్కుంటున్న మనవాళ్లు ఈ ప్రశ్న అదే పనిగా అడుగుతున్నారు కాబట్టి ఒక్కచోట రాసేస్తున్నాను. ఇల్లు పాతది. కింద ఒక వాటా, పైన ఒక వాటా, రెండు వంటిళ్లు, రెండు కరెంటు మీటర్లు, పై వాటా అద్దెతో మార్ట్‌గేజ్‌లో మంచి భాగం వెళ్లిపోతుందని లెక్క కూడా కుదిరింది. తీరా టౌన్‌షిప్ జోనింగ్ మ్యాప్ (ఏ వీధిలో ఎలాంటి కట్టడాలు, వాడకాలు ఉండొచ్చో చెప్పేది) తీసి చూస్తే ఆ వీధి వీధంతా సింగిల్ ఫ్యామిలీ జోన్. అడిగితే రియల్టర్ ‘అది గ్రాండ్‌ఫాదర్డ్ అండీ, టెన్షన్ పడకండి’ అంటారు. కొనొచ్చా?

కొనొచ్చు, ఆ మాట కాగితం మీదికి వచ్చాక. నోటిమాట మీద మాత్రం కొనొద్దు.

థియరీ ఇంతే: జోనింగ్ రూలు మారిన రోజుకు ఆ వాడకం అప్పటి రూలు ప్రకారం సక్రమంగా నడుస్తూ ఉంటే, రూలు మారినా దాన్ని కొనసాగించుకోవచ్చు. మాటల్లో గ్రాండ్‌ఫాదర్డ్ అనేది దీన్నే, చట్టం భాషలో లీగల్ నాన్‌కన్ఫార్మింగ్ అంటారు. న్యూజెర్సీలో 1975 నాటి మునిసిపల్ ల్యాండ్ యూజ్ లాలో సెక్షన్ 68 ఈ సంగతి చెబుతుంది. హక్కు ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఓనరును కాదు, అందుకే అమ్మినా పోదు. కానీ రుజువు చేసుకునే బాధ్యత ఇల్లు ఉన్నవాళ్లదే, టౌన్‌షిప్‌ది కాదు. ‘ఎప్పటినుంచో ఉంది’ అనడం వేరు, ‘రూలు మారిన రోజుకు సక్రమంగా ఉంది’ అనడం వేరు. ఈ రెండోదే మీరు తేల్చాల్సింది.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది దీన్ని మన బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) లాంటిది అనుకుంటున్నారు. కాదు. 2015లో తెలంగాణ తెచ్చిన బీఆర్ఎస్‌లో ప్లాన్ దాటి కట్టినదాన్ని ఫీజు కట్టి క్రమబద్ధం చేసుకునే వీలు ఇచ్చారు. ఇక్కడ తప్పును డబ్బుతో సరిచేసే దారి లేదు, ఒకప్పుడు ఒప్పుగా ఉన్నదాన్నే కొనసాగనిస్తారు. 1970లో సింగిల్ ఫ్యామిలీ జోన్ అయిన వీధిలో 1985లో ఎవరో పర్మిట్ లేకుండా పైన వంటిల్లు పెట్టి అద్దెకిస్తే, అది 40 ఏళ్లు నడిచినా అక్రమమే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంటి బ్లాక్ నంబరు, లాట్ నంబరు (ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు మీద ఉంటాయి)
- ట్యాక్స్ అసెసర్ దగ్గర ఉండే ప్రాపర్టీ రికార్డ్ కార్డు కాపీ, పాతది కూడా
- బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఉన్న పర్మిట్లన్నీ
- టౌన్‌షిప్ జోనింగ్ ఆర్డినెన్స్ (స్థానిక చట్టం), ఇప్పటిదీ పాతవీ
- ల్యాండ్ యూజ్ పని చేసే అటార్నీ. క్లోజింగ్ (ఇల్లు కొనుగోలు పూర్తిచేయడం) చేసే అటార్నీలందరికీ జోనింగ్ బోర్డు (జోనింగ్ దరఖాస్తులు విని తేల్చే టౌన్‌షిప్ బోర్డు) పని తెలియదు, ముందే అడగండి
- ఓపిక. ఇది వారంలో తేలే పని కాదు

1. అసలు ఏది రూలుకు సరిపోవడం లేదో తేల్చండి

మూడు రకాలు ఉంటాయి. వాడకం సరిపోకపోవడం (సింగిల్ ఫ్యామిలీ జోన్‌లో టూ ఫ్యామిలీ), కట్టడం సరిపోకపోవడం (పక్క హద్దుకు ఎంత దూరం వదలాలో అంత వదలకపోవడం), స్థలం సరిపోకపోవడం (లాట్ కావలసినదాని కన్నా చిన్నది). కట్టడం సమస్య కొంత తేలిక. వాడకం సమస్యే అసలు తలనొప్పి, కింద రాసేదంతా ఎక్కువగా దాని గురించే.

స్థలం విషయంలో ఒక్క హెచ్చరిక. మీ చిన్న లాట్ పక్కన ఇంకో చిన్న లాట్ ఖాళీగా ఉందని అదే పేరు మీద కొన్నారనుకోండి, న్యూజెర్సీ కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం ప్రకారం ఆ రెండూ జోనింగ్ దృష్టిలో ఒకే లాట్‌గా కలిసిపోయే అవకాశం ఉంది. తర్వాత విడిగా అమ్ముదామంటే మళ్లీ బోర్డు ముందుకు వెళ్లాలి. ఎవరి పేరు మీద కొనాలో సంతకానికి ముందే అటార్నీని అడగండి.

2. రూలు మారిన తేదీ పట్టుకోండి

చాలామంది ఇల్లు కట్టిన సంవత్సరం చూసి ఆగిపోతారు. 1925లో కట్టిన ఇల్లు 1925లో టూ ఫ్యామిలీ అయి ఉండాలని ఏముంది? మీకు కావలసింది ఆ వీధిలో టూ ఫ్యామిలీని మొదటిసారి వద్దన్న ఆర్డినెన్స్ ఏ తేదీన పాసైందన్నది.

టౌన్‌షిప్ కోడ్ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. ఒక్కో సెక్షన్ చివర స్క్వేర్ బ్రాకెట్‌లో చిన్న అక్షరాల్లో ఏ తేదీన ఏ ఆర్డినెన్స్ ద్వారా సవరించారో ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి వెళ్లండి. అక్కడ కనిపించే తేదీ ఆఖరి సవరణదే కావచ్చు, దాన్నే మొదటిదనుకుని లెక్క వేస్తే రుజువంతా తప్పు సంవత్సరానికి పోగుచేస్తారు. పాత ఆర్డినెన్స్‌లు, పాత జోనింగ్ మ్యాపులు మునిసిపల్ క్లర్క్ దగ్గర ఉంటాయి. ఓప్రా రిక్వెస్ట్ పెట్టండి, అంటే ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ కింద దరఖాస్తు, మన సమాచార హక్కు లాంటిదే. మామూలుగా 7 పనిదినాల్లో జవాబు రావాలి. ‘జోనింగ్ ఫైల్ మొత్తం ఇవ్వండి’ అని రాస్తే తిప్పి పంపుతారు. బ్లాక్, లాట్ నంబర్లు వేసి, ఏయే పర్మిట్లు, ఏయే సంవత్సరాలవి, ఏ ఆర్డినెన్స్ అని విడివిడిగా రాయండి.

3. ఆ తేదీకి ముందు ఇల్లు టూ ఫ్యామిలీగా ఉందని రుజువులు పోగుచేయండి

పని అంతా ఇక్కడే ఉంది. ఉదాహరణకు 1952లో రూలు మారిందనుకుందాం. 1952కు ముందు రెండు కుటుంబాలు వేర్వేరుగా ఉన్నాయని చూపించాలి. బలం ఉన్న వరుసలో:

పాత బిల్డింగ్ పర్మిట్‌లో లేదా సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీలో (ఇంట్లో ఉండొచ్చని టౌన్‌షిప్ ఇచ్చే పత్రం) ‘టూ ఫ్యామిలీ’ అని ఉంటే అదే అన్నిటికన్నా మంచిది. చాలా టౌన్‌లలో అంత పాత కాగితాలు దొరకవు, నిరుత్సాహపడకండి.

తర్వాత జనగణన. అమెరికాలో 72 ఏళ్లు దాటాక జనగణన పేజీలను అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో ఉచితంగా చూడొచ్చు. పేజీ ఎడమ చివర వీధి పేరు, దాని పక్కన ఇంటి నంబరు, తర్వాత మనుషుల పేర్లు. ఒకే ఇంటి నంబరు కింద ఇద్దరు వేర్వేరు ఇంటిపేర్లవాళ్ల ఎదురుగా ‘హెడ్’ అని రాసి ఉండి, ఇద్దరికీ వేర్వేరు నివాస వరుస సంఖ్యలు ఉంటే మీ పంట పండినట్టే. ఒకరికి ‘హెడ్’, ఇంకొకరికి ‘లాడ్జర్’ అని ఉంటే మాత్రం జాగ్రత్త. అది గది అద్దెకు ఇచ్చారని చెబుతుంది గానీ రెండో వాటా ఉందని చెప్పదు, పైగా బోర్డు ముందు అభ్యంతరం చెప్పేవాళ్లకే పనికొస్తుంది.

ఊరి లైబ్రరీలో పాత సిటీ డైరెక్టరీలు ఉంటాయి, ఏ చిరునామాలో ఎవరు ఉండేవారో ఏడాదివారీగా కనిపిస్తుంది. శాన్‌బోర్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపుల్లో కట్టడం ఆకారం, అంతస్తులు, వాడకం గుర్తులు ఉంటాయి. కరెంటు కంపెనీ రెండో మీటర్ ఎప్పుడు పెట్టిందో లెటర్ ఇస్తే తీసుకోండి. పాత లీజులు, అద్దె రసీదులు, చివరికి ఫ్యామిలీ ఫోటోల్లో కనిపించే రెండో వంటిల్లు కూడా పనికొస్తాయి.

ఆ వీధిలో పుట్టి పెరిగిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల మాటకు చాలా విలువ ఉంది. అయితే నోటరీ చేయించిన అఫిడవిట్ పట్టుకెళ్తే సరిపోతుందని అనుకోవద్దు. మనిషి బోర్డు ముందుకు వచ్చి ప్రమాణం చేసి చెబితేనే బరువు, ఎందుకంటే అభ్యంతరం ఉన్న పొరుగువాళ్లకు ఆ మనిషిని ప్రశ్నించే అవకాశం ఉండాలి.

ఇక రుజువు అనుకుని మోసపోయేవి:

ప్రాపర్టీ ట్యాక్స్‌లో ‘క్లాస్ 2’ అని ఉంటే టూ ఫ్యామిలీ అని కాదు. నాలుగు కుటుంబాల వరకు ఉండే ఇళ్లన్నీ న్యూజెర్సీలో క్లాస్ 2 కిందికే వస్తాయి. ట్యాక్స్ రికార్డులో కట్టడం వివరం దగ్గర ‘2ఎస్ఎఫ్’ లాంటిది చూసి టూ, ఫ్యామిలీ అని చదివేసుకునేవాళ్లున్నారు. ఎస్ అంటే అంతస్తు, ఎఫ్ అంటే ఫ్రేమ్, అంటే చెక్క చట్రం ఇల్లు. రెండంతస్తుల చెక్క ఇల్లు, అంతే.

టౌన్‌షిప్ ఏళ్ల తరబడి టూ ఫ్యామిలీ లెక్కన పన్ను వసూలు చేసినా అది జోనింగ్ అనుమతి కాదు. పన్ను వేసేవాళ్లు ఉన్నదాన్ని చూసి వేస్తారు, ఉండొచ్చా లేదా అని చూసి కాదు.

అమ్మకం సమయంలో ఇచ్చే కంటిన్యూడ్ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా ఎక్కువ చోట్ల పొగ అలారం, మెట్ల రెయిలింగ్ చూసి ఇచ్చేదే. ‘టౌన్‌షిప్ సర్టిఫికెట్ ఉంది కదా’ అని చాలామంది దీనితోనే ఆగిపోతారు.

లిస్టింగ్‌లో ‘మదర్-డాటర్’ అని ఉంటే అది టూ ఫ్యామిలీ కాదు. అమ్మానాన్నలు ఉండటానికి రెండో వంటిల్లు ఉన్న సింగిల్ ఫ్యామిలీ ఇల్లు అది. బయటివాళ్లకు అద్దెకిస్తే చాలా చోట్ల ఉల్లంఘనే.

4. మధ్యలో తెగిపోయిందేమో చూడండి

1952కు ముందు ఉంది, సరే. తర్వాత? న్యూజెర్సీలో కొన్నాళ్లు ఖాళీగా ఉన్నంత మాత్రాన హక్కు పోదు. వదిలేయాలన్న ఉద్దేశం, దాన్ని చూపించే పని రెండూ ఉండాలి. కానీ ఇల్లంతా ఏళ్ల తరబడి ఒకే కుటుంబం వాడుకుని ఉంటే ఎందుకని మీరే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. పై వంటిల్లు పీకేయడం, రెండు మీటర్లను ఒకటి చేయడం, ఏదో పర్మిట్ దరఖాస్తులో ‘వన్ ఫ్యామిలీ’ అని రాసి సంతకం పెట్టడం, ఇవన్నీ వదిలేసినట్టు చూపే ఆనవాళ్లు కావచ్చు. బిల్డింగ్ ఫైల్లో పాత దరఖాస్తులు ఒక్కొక్కటీ తిప్పి ఆ గడిలో ఏం రాశారో చూడండి. 1990ల్లో ఎవరో కాంట్రాక్టర్ డెక్ పర్మిట్ కోసం అజాగ్రత్తగా రాసిన ఒక్క మాట ఇవాళ మీకు అడ్డం తిరగొచ్చు.

5. అగ్రిమెంట్‌లోనే మీ రక్షణ రాయించుకోండి

రియల్టర్లు తయారుచేసే అగ్రిమెంట్లకు న్యూజెర్సీలో 3 పనిదినాల అటార్నీ రివ్యూ ఉంటుంది. ఆ మూడు రోజుల్లోనే షరతు పెట్టించాలి: ఈ ఇల్లు చట్టబద్ధమైన టూ ఫ్యామిలీ అని సెక్షన్ 68 సర్టిఫికెట్ అమ్మేవాళ్లే తెచ్చివ్వాలి, ఫలానా తేదీలోగా రాకపోతే డిపాజిట్ వెనక్కి ఇచ్చేయాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే కొనేవాళ్లుగా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, చట్టం ఆ అవకాశం ఇస్తుంది, అప్పుడు క్లోజింగ్ తేదీని దానికి తగ్గట్టు వాయిదా వేసుకోవాలి. రెండింటికీ ఒప్పుకోకపోతే నా దృష్టిలో అదే మీకు జవాబు. ఇల్లు నిజంగా గ్రాండ్‌ఫాదర్డ్ అయితే రుజువు చేయడానికి అంత భయమెందుకు?

6. సెక్షన్ 68 దరఖాస్తు పెట్టండి

ఇక్కడ చాలామంది జోనింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి ఒక లెటర్ తెచ్చుకుంటారు. రూలు మారిన ఏడాదిలోపే ఆ ఆఫీసర్‌కు ఈ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం. ఆ తర్వాత ఎప్పుడైనా సరే జోనింగ్ బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ ముందుకే వెళ్లాలి. 1952లో మారిన రూలుకు ఇవాళ ఆఫీసర్ ఇచ్చిన లెటర్ మీద లక్షల డాలర్లు పెట్టకండి.

బోర్డు సెక్రటరీ దగ్గర ఫారాలు, ఫీజుల పట్టిక, చెక్‌లిస్ట్ తీసుకోండి. ఫీజుతోపాటు బోర్డు నిపుణుల ఖర్చుకు ఎస్క్రో డిపాజిట్ కూడా అడుగుతారు, ఎంతన్నది టౌన్‌ను బట్టి ఉంటుంది. 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులందరికీ హియరింగ్‌కు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందాలి, ప్రకటన కూడా వేయాలి. ఆ పేర్ల జాబితాను టౌన్‌షిప్ ఇస్తుంది, పేరుకు 25 సెంట్లు లేదా మొత్తం 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. జాబితా మీరే తయారుచేసుకోవద్దు. ఒక్క ఇల్లు తప్పినా, ఒక్క రోజు తగ్గినా హియరింగ్ మళ్లీ మొదటికి వస్తుంది.

ఎల్ఎల్‌సీ పేరు మీద కొంటున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, బోర్డు ముందు కంపెనీ తరఫున అటార్నీయే మాట్లాడాలి. సొంత పేరైతే మీరే మాట్లాడొచ్చు, కానీ వద్దంటాను.

7. హియరింగ్‌లో

‘మాకు అద్దె రాకపోతే కష్టం’, ‘చుట్టూ ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి’ అనడం ఇక్కడ అనవసరం. బోర్డు చూసేది ఒక్కటే: ఆ తేదీకి ఈ వాడకం సక్రమంగా ఉందా, ఇంకా నిలిచి ఉందా. కాగితాలను సంవత్సరాల వరుసలో పెట్టి, ఒక్కోదానికి నంబరు వేసి ఇవ్వండి. మధ్యలో ఖాళీ ఉంటే మీరే ముందు చెప్పండి. పొరుగువాళ్లు పార్కింగ్ గురించి గొడవపడితే వాదించకండి, అది వేరే విషయం.

8. వచ్చింది సరైనదేనా? ఇలా సరిచూసుకోండి

ఓటింగ్‌లో గెలిచాం అని ఆ రాత్రే పార్టీ చేసుకోకండి. రాతపూర్వక రిజల్యూషన్ (బోర్డు తీర్మానం) రావాలి, దానికి మామూలుగా ఓటు తర్వాత 45 రోజుల దాకా పడుతుంది. చేతికి వచ్చాక ఇవి చూడండి:

- బ్లాక్, లాట్ నంబర్లు సరిగ్గా ఉన్నాయా
- ఎన్ని యూనిట్లు, ఏ అంతస్తులో ఏది అని స్పష్టంగా ఉందా. ‘మల్టీ ఫ్యామిలీ’ అని వదిలేస్తే దిద్దించండి
- ఏ ఆర్డినెన్స్, ఏ తేదీ అన్నది ఉందా
- సర్టిఫికెట్ వాడకం వరకేనా, కట్టడం విషయంలో కూడానా
- బేస్‌మెంట్ గురించి ఏమన్నారు. రెండు యూనిట్లకు సర్టిఫికెట్ వచ్చిన ఇంట్లో బేస్‌మెంట్ మూడో అద్దెకు ఉంటే ఆ మూడోది అక్రమమే

నిర్ణయంపై అధికారిక ప్రకటన వెలువడ్డాక 45 రోజుల దాకా ఎవరైనా సుపీరియర్ కోర్టుకు వెళ్లొచ్చు. ఆ గడువు దాటాక క్లోజింగ్ పెట్టుకుంటే ప్రశాంతంగా ఉంటుంది.

అక్రమ యూనిట్‌ను అద్దెకిచ్చి, టౌన్‌షిప్ ఖాళీ చేయిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఆ టెనెంట్‌కు ఆరు నెలల అద్దెకు సమానమైన మొత్తాన్ని తరలింపు ఖర్చుగా ఓనరే ఇవ్వాలి. పాత ఓనర్ పెట్టిన టెనెంట్ అయినా ఇప్పుడు ఓనర్ మీరే.

9. లోన్, ఇన్సూరెన్స్

అప్రైజల్ రిపోర్టులో (బ్యాంకు కోసం ఇంటి విలువ కట్టే రిపోర్టు) జోనింగ్ కంప్లయన్స్ అనే చోట లీగల్, లీగల్ నాన్‌కన్ఫార్మింగ్, నో జోనింగ్, ఇల్లీగల్ అని గడులుంటాయి. ఏది టిక్ చేశారో చూడండి. లీగల్ నాన్‌కన్ఫార్మింగ్ అయితే లోన్ వస్తుంది, కాకపోతే కాలిపోతే మళ్లీ కట్టుకోనిస్తారా అని బ్యాంకు టౌన్‌షిప్ లెటర్ అడగొచ్చు.

ఆ ప్రశ్న మీరూ అడగాల్సిందే. సెక్షన్ 68 పాక్షికంగా దెబ్బతిన్న కట్టడాన్ని బాగుచేసుకోనిస్తుంది. పూర్తిగా పోతే? హక్కూ పోతుంది. ఇన్సూరెన్స్‌లో ‘ఆర్డినెన్స్ ఆర్ లా’ కవరేజ్ ఎంత ఉందో చూడండి, సొంతిల్లు పాలసీల్లో తరచుగా ఇంటి కవరేజ్‌లో 10 శాతమే ఉంటుంది, పెంచుకోవచ్చు. అయితే ఆ డబ్బు కొత్త కోడ్ ప్రకారం కట్టడానికి అయ్యే అదనపు ఖర్చుకే, పోయిన రెండో వాటా హక్కును అది తెచ్చివ్వదు.

కొన్నాక చేయకూడనివి

పెంచొద్దు, స్వభావం మార్చొద్దు. బెల్విల్ అనే ఊళ్లో జోనింగ్‌కు ముందునుంచీ ఉన్న రెస్టారెంట్‌ను డిస్కోగా మార్చారు. భవనం అదే, డాన్స్ కూడా అంతకుముందు కొంత ఉండేది. అయినా అది అసలు వాడకం కాదని 1980లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చింది. పై వాటాను రెండుగా చీల్చి మూడు చేద్దాం అనుకునేవాళ్లకు ఇదే జవాబు.

రిమోడలింగ్‌లో ఇంకా ప్రమాదం. సీసైడ్ పార్క్‌లో రినొవేషన్ పర్మిట్‌తో మొదలైన పని దాదాపు ఇల్లంతా కూల్చి కట్టేదాకా పోయింది, 2013లో అప్పిలేట్ కోర్టు నాన్‌కన్ఫార్మింగ్ హక్కు పోయిందనే చెప్పింది. ‘గోడ కుళ్లిపోయింది, తీసేస్తే పని తొందరగా అవుతుంది’ అని కాంట్రాక్టర్ అంటే అక్కడే పని ఆపించి, ఫోటోలు తీసి, టౌన్‌షిప్‌తో రాతపూర్వకంగా మాట్లాడాకే ముందుకెళ్లండి.

రుజువు దొరక్కపోతే

యూజ్ వేరియన్స్ (ఆ జోన్‌లో కుదరని వాడకానికి బోర్డు ఇచ్చే ప్రత్యేక అనుమతి) అడగొచ్చు, ఉన్నదాన్ని పెంచాలన్నా దారి అదే. ఏడుగురి బోర్డులో ఐదు ఓట్లు కావాలి, ఖర్చుతో కూడిన పని, గ్యారంటీ లేదు. లేదా సింగిల్ ఫ్యామిలీ ధరకే బేరమాడి, అద్దె ఆదాయం సున్నా అనుకుని లెక్క వేసి, అప్పటికీ గిట్టుబాటైతే కొనండి. ఎక్కువమందికి నేను చెప్పేది ఈ రెండోదే. అదీ కుదరకపోతే వదిలేయండి, ఇళ్లకేం కొదవ.

న్యూజెర్సీ బయట ఉన్నవాళ్లకు

పద్ధతి ఇదే, రూళ్లు వేరు. చాలా చోట్ల ఆరు నెలలో ఏడాదో వాడకం ఆగితే, ఉద్దేశంతో పనిలేకుండా హక్కు పోతుంది. సగానికి మించి దెబ్బతింటే పాత పద్ధతిలో కట్టనివ్వని ఊళ్లూ ఉన్నాయి. మీ ఊరి కోడ్‌లో ‘నాన్‌కన్ఫార్మింగ్’ అన్న చాప్టర్ తీసి, ఆపేయడం గురించి, నష్టం గురించి ఉన్న రెండు పేరాలు ముందు చదవండి. టెక్సాస్‌లో 2023 చట్టం వచ్చాక, జోనింగ్ మార్చి పాత వాడకాన్ని బలవంతంగా ఆపించాలంటే నగరం పరిహారం ఇవ్వాలి లేదా పెట్టుబడి రాబట్టుకునేదాకా నడపనివ్వాలి. హ్యూస్టన్‌లో అయితే జోనింగ్ ఆర్డినెన్సే లేదు. అక్కడ చూడాల్సింది డీడ్ రిస్ట్రిక్షన్లు (ఆస్తి దస్తావేజుల్లోనే వాడకంపై పెట్టిన షరతులు), కౌంటీ క్లర్క్ రికార్డుల్లో సబ్‌డివిజన్ పేరుతో వెతికితే దొరుకుతాయి.